ఎలుగుబంట్ల సినిమాకు మా అమ్మ మాటలు

మా అమ్మ నోట మాట పోయిన నాలుగో నెలలో, ఒక ఎలుగుబంట్ల కుటుంబాన్ని వెతుక్కుంటూ నేను అబిడ్స్ అంతా తిరిగాను. చెబితే నవ్వుతారు. మా ఆయనా నవ్వాడు. "ఇంట్లో మనిషికి బాగోలేకపోతే జనం డాక్టర్ల చుట్టూ తిరుగుతారు. నువ్వేంటి, బొమ్మల సినిమా కోసం తిరుగుతున్నావ్?" అన్నాడు. డాక్టర్ల చుట్టూ తిరగడం అయ్యాకే ఇది మొదలైందని ఆయనకీ తెలుసు. కానీ నన్ను కాస్త ఉడికించకపోతే ఆయనకి పొద్దు గడవదు.

ఒకరోజు పొద్దున పాలగిన్నె పొయ్యి మీద పెడుతూ అమ్మ కింద పడిపోయింది. పక్షవాతం అన్నారు. కాలు తిరిగి వచ్చింది, పట్టుకుంటే బాత్రూమ్ దాకా నడుస్తుంది. కుడిచెయ్యి కొంచెం కొంచెం కదులుతోంది. మనం అన్నదంతా అర్థమవుతుంది, టీవీలో వంటల ప్రోగ్రామ్ చూస్తూ వాళ్లు ఉప్పు ఎక్కువ వేస్తే మొహం చిట్లిస్తుంది కూడా. మాట మాత్రం లేదు. ఏదో అనబోతుంది, పెదాలు కదులుతాయి, మాట గొంతు దాకా వచ్చి అక్కడే ఆగిపోతుంది. అప్పుడు ఆమె కళ్లలోకి చూడటం నావల్ల కాదు.

వారానికి రెండుసార్లు లక్డీకాపూల్‌లో ఒక దవాఖానకి తీసుకెళ్లేదాన్ని. మాటలు నేర్పించే అమ్మాయి అక్కడ ఉండేది, చాలా ఓపిక ఉన్న పిల్ల. "ముందు కొత్త మాటలు రావండీ" అని చెప్పింది. "నోటికి బాగా అలవాటైపోయినవి వస్తాయి. పాటలు, శ్లోకాలు, అంకెలు, తిట్లు. అంటే ఆలోచించకుండా వచ్చేవన్నమాట. ఆంటీకి కంఠతా వచ్చింది ఏదైనా ఉందా?" మా అమ్మ పాడదు. శ్లోకాలు మనసులోనే చదువుకుంటుంది. తిట్లు ఆమెకి అలవాటే లేదు, మా ఇంట్లో ఆ డిపార్ట్‌మెంట్ నాది. ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు ప్రయత్నించాం, ఒకటి కూడా రాలేదు. మొదటి ఆరు నెలల్లో ఎంత తిరిగి వస్తే అంత మంచిదని ఆ అమ్మాయి మెల్లగా, నా మొహం చూడకుండా చెప్పింది. ఇంకా రెండు నెలలే ఉంది.

ఆటోలో ఇంటికి వస్తూ నాంపల్లి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు తట్టింది. మా అమ్మకి ఒక సినిమా మొత్తం కంఠతా వచ్చు.

ఆ సినిమా పేరు ఇక్కడ చెప్పను, చెప్పినా ఎవరికీ తెలియదు. మా ఇంట్లో దాన్ని ఎలుగోళ్ల సినిమా అనేవాళ్లం. ఇంగ్లీషు బొమ్మల సినిమా. అడవి నుంచి పట్నానికి కాపురం మార్చిన ఒక ఎలుగుబంట్ల ఇల్లు, తండ్రి, తల్లి, ముగ్గురు పిల్లలు. తండ్రికి పోస్ట్‌మ్యాన్ ఉద్యోగం దొరుకుతుంది, ఒకరి ఉత్తరం ఇంకొకరికి ఇచ్చి ఊరంతా కొట్లాటలు పెడతాడు. గంటన్నర నవ్వే నవ్వు.

అప్పట్లో మేం నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో కిరాయికి ఉండేవాళ్లం. ఇప్పుడూ అదే గల్లీ, ఇల్లు పోయి అపార్ట్‌మెంట్ వచ్చింది, అంతే. నాన్న ఆఫీసులో ఎవరో దుబాయ్ నుంచి తెచ్చుకున్న వీసీఆర్ పాతబడి మా ఇంటికి చేరింది. స్టేషన్ రోడ్డులో క్యాసెట్లు కిరాయికిచ్చే దుకాణంలో పిల్లల సినిమా ఆ ఒక్కటే ఉండేది. మేం దాన్ని ఎన్నిసార్లు తెచ్చామంటే, దుకాణం మూసేసేటప్పుడు ఆయన క్యాసెట్ మాకే ఇచ్చేసి, "ఇంకెవరికి ఇయ్యాలె దీన్ని, మీ ఇంట్లనే ఉండనీ" అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక గల్లీలో పిల్లలందరూ మా ముందు గదిలో చేరేవాళ్లు. ఒక్కరికీ ఇంగ్లీషు రాదు. అమ్మ టీవీ పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, సౌండ్ పూర్తిగా తగ్గించేసి, ఎలుగుబంట్లు ఏమంటున్నాయో తెలుగులో చెప్పేది. చెప్పేది అంటే కథ చెప్పినట్టు కాదు. తండ్రి ఎలుగుకి ఒక గొంతు, పెద్దపిల్లకి ఒక గొంతు, చిన్నదానికి ముక్కుతో మాట్లాడే గొంతు. బొమ్మ నోరు తెరిస్తే ఆమె మాట మొదలు, బొమ్మ నోరు మూస్తే ఆమె మాట పూర్తి. మెట్ల మీద బీరువా ఇరుక్కుపోతే తండ్రి ఎలుగు, "ఏందిర బై గిది, ఎక్కుత లేదు, దిగుత లేదు, జర పక్కకు జరుగున్రి" అనేవాడు. మేం కింద పడి దొర్లేవాళ్లం.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. నాన్నవాళ్లది గుంటూరు వైపు, రాష్ట్రం ఏర్పడినప్పుడు తాతయ్య ఉద్యోగంతో పాటు వచ్చి ఇక్కడే ఉండిపోయారు. అమ్మవాళ్లు ఎన్ని తరాలుగానో ఈ ఊరివాళ్లే, అఫ్జల్‌గంజ్‌లో దారాల దుకాణం. నానమ్మకి కోడలు నచ్చింది, కోడలి వంట నచ్చింది, కోడలి తెలుగు మాత్రం నచ్చలేదు. "గీడ ఏవిటమ్మా, ఇక్కడ అను. పిల్లలకి అదే పట్టుబడుతుంది" అనేది. అమ్మ "ఔ" అంటే, "అవును అనవమ్మా" అనేది. చెడ్డమనిషి కాదు నానమ్మ, అమ్మకి జ్వరమొస్తే రాత్రంతా పక్కన కూర్చునేది. కానీ రోజూ అంతే, పొద్దున్నుంచి సాయంత్రం దాకా. అమ్మ మెల్లమెల్లగా మాట తగ్గించేసింది. తలూపడం, చిన్నగా నవ్వడం, పనిలో పడిపోవడం. చుట్టాలు "మీ కోడలు ఎంత నెమ్మదో" అనేవాళ్లు.

ఆ నెమ్మదైన మనిషే ఆదివారం మధ్యాహ్నం గంటన్నర సేపు ఆరు గొంతులతో మాట్లాడేది. ఆరో గొంతు ఎవరిదంటే, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని అందరినీ చూస్తుండే ఒక ముసలి ఎలుగుది. అమ్మ దాన్ని అత్తగారిని చేసింది. ఆ ముసలిదొక్కటే అచ్చం గుంటూరు తెలుగు మాట్లాడేది. "ఏవిటర్రా ఈ గోల, కాస్త కాఫీచుక్క నా మొహాన పోసేదేమైనా ఉందా?" అనేది. నానమ్మ మంచం మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వేది. "ఈ ముసలిది భలే మాట్లాడుతుందే" అనేది. తను నవ్వుతున్నది ఎవర్ని చూసో ఆవిడకి తట్టలేదు.

ఇంకొకటి కూడా ఉండేది, గిన్నెల సీను. తల్లి ఎలుగు మనకి వీపు పెట్టి కొండంత గిన్నెల కుప్ప తోముతుంటుంది, పిల్లలు వెనక అల్లరి చేస్తుంటారు. అక్కడ తల్లి ఎలుగు చాలాసేపు మాట్లాడేది. "నేను గీడ ఉన్ననని ఎవరికన్న యాదికున్నదా? అన్నం పెట్టేటప్పుడు యాదికొస్త, అంగీ చినిగితే యాదికొస్త. నాకు గూడ ఒక నోరున్నది, అది అన్నం తినేతందుకే కాదు" అని మొదలై, మధ్యలో నవ్వించి, ఎక్కడికో పోయి, మళ్లీ పిల్లల దగ్గరికి వచ్చేది. పక్కింటి ఆడవాళ్లు ఆ సీను కోసమే వచ్చి గుమ్మంలో నిలబడేవాళ్లు.

నాకు పదకొండేళ్లు వచ్చాయి. అబిడ్స్‌లో ఇంగ్లీషు మీడియం స్కూల్లో క్లాసులో ఫస్టు వచ్చేదాన్ని, ఆ గర్వం తలకెక్కి కూర్చుంది. ఒక శనివారం ఇంట్లో ఎవరూ లేనప్పుడు సౌండ్ పెట్టి సినిమా చూశాను. సగం పైన అర్థమైంది. అమ్మ చెప్పే మాట ఒక్కటీ అందులో లేదు.

మర్నాడు ఆదివారం గది నిండా పిల్లలు, గుమ్మంలో ఆడవాళ్లు, మంచం మీద నానమ్మ. గిన్నెల సీను వచ్చింది, అమ్మ మొదలుపెట్టింది. నేను లేచి నిలబడి, "అమ్మ అబద్ధం చెప్తోంది. అక్కడ ఎలుగుబంటి ఏం మాట్లాడదు. అమ్మకి అసలు ఇంగ్లీషే రాదు" అన్నాను.

టీవీలో తల్లి ఎలుగు గిన్నెలు తోముతూనే ఉంది. నానమ్మ చాలాసేపు ఆలోచించి అమ్మ వైపు తిరిగి, "అయితే ఆ ముసలిది నేనేనా?" అంది. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. అమ్మ మొహం ఎర్రగా అయిపోయింది. "చాయ్ పెడ్త" అని లోపలికి వెళ్లిపోయింది.

మళ్లీ ఎన్నడూ చెప్పలేదు. పిల్లలు వచ్చి అడిగితే, "మా బిడ్డకు ఇంగ్లీష్ వస్తది, ఆమెనడుగున్రి" అనేది. నేను చెప్పాను కూడా, అసలు మాటల్ని ఒక్కటీ పొల్లుపోకుండా తెలుగు చేసి చెప్పాను. ఎవరూ నవ్వలేదు. మూడో ఆదివారానికి ఎవరూ రాలేదు. క్యాసెట్ అటక ఎక్కింది. అమ్మ పదో తరగతి ఇంగ్లీషులో తప్పి చదువు మానేసిందని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, అది కూడా మామయ్య చెబితే. ఆ మాట విన్నప్పుడు తల కొట్టేసినట్టయింది. అయినా అమ్మతో ఏమీ అనలేదు. ఇంతకీ నేను ఇప్పుడు చేసేది ఇంగ్లీషు టీచర్ ఉద్యోగం. ఇరవై ఏళ్లకు పైగా ఎర్ర పెన్ను పట్టుకుని అందరి తప్పులూ దిద్దుతూనే ఉన్నాను.

సరే, క్యాసెట్ దొరికింది. పాత ఇత్తడి గిన్నెల మధ్యలో ఉంది. పెళ్లి క్యాసెట్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే ఒకాయన అబిడ్స్‌లో మేడ మీద ఉంటాడంటే పట్టుకెళ్లాను. ఆయన మూత ఎత్తి చూసి నాకు చూపించాడు. టేపంతా తెల్లటి బూజు. "దీన్ని నడిపితే నా మెషీన్ గూడ ఖరాబైతదమ్మా" అన్నాడు. బతిమాలాను, కసిరాను కూడా. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. ఆయన క్యాసెట్‌ను కాగితంలో చుట్టి తిరిగి ఇచ్చాడు. ఏడుపొచ్చి మొజంజాహీ మార్కెట్‌కి నడిచి వెళ్లి సీతాఫలం ఐస్‌క్రీమ్ తిన్నాను. అంత బాధలో కూడా అది బాగానే ఉంది, ఏం చెయ్యను.

ఫోన్లో ఉన్న యాప్‌లన్నీ గాలించాం, ఎక్కడా లేదు. అప్పుడు ఆదివారాలు మొదలుపెట్టాను. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్మేవాళ్ల మధ్యలో అక్కడక్కడా డీవీడీల గుట్టలు ఉంటాయి. మూడు ఆదివారాలు ఎండలో గొంతుక్కూర్చుని ఒక్కొక్క డబ్బా తిరగేశాను. మూడో వారం ఒక పెద్దాయన, తెల్లగడ్డం, మోకాళ్ల మీద గొడుగు, నన్ను చాలాసేపు చూసి, "ఏం గావాలె మేడమ్, మీరు పోయినవారం గూడ వచ్చిన్రు" అన్నాడు. చెప్పాను. సినిమా పేరు చెప్తే తెలియలేదు. ఎలుగుబంట్లు, పోస్ట్‌మ్యాన్, మెట్ల మీద బీరువా అంటే నవ్వి, తన వెనక ఉన్న సంచిలో చెయ్యి పెట్టి తీశాడు. "గిదే గద. తెలుగుల గూడ మాట్లాడ్తయి గిందుల, మీ పిల్లలకు మంచిగుంటది" అన్నాడు. నాకు పిల్లలు లేరు, అమ్మ కోసం అన్నాను. ఆయన దాన్ని తన అంగీకి రెండుసార్లు తుడిచి ఇచ్చాడు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ నిద్రపోతోంది. డిస్క్ నడుస్తుందో లేదో చూద్దామని, మా ఆయన అటక మీద నుంచి దింపిన ప్లేయర్‌లో పెట్టి, సౌండ్ తగ్గించి ఇంగ్లీషులోనే చూడటం మొదలుపెట్టాను. కాసేపు చూసి ఆపేద్దామనుకున్నాను. గంటన్నర కదల్లేదు.

ముందు తెలిసిందేమిటంటే, ఆ ముసలి ఎలుగు అత్తగారు కాదు. ఆ ఇంటి ఓనరు. రెండంటే రెండు మాటలు మాట్లాడుతుంది, మిగతా సినిమా అంతా కునికిపాట్లు పడుతుంది. కునికేటప్పుడు దాని దవడ ఆడుతుంది. అమ్మ ఆ దవడ ఆడినప్పుడల్లా ఒక మాట పెట్టింది. కాఫీచుక్క అన్నప్పుడు సరిగ్గా ఎన్నిసార్లు ఆడాలో అన్నిసార్లే ఆడుతుంది.

తర్వాత తల్లి ఎలుగుని చూశాను. చూస్తూ చూస్తూ వేళ్లు మడిచి లెక్కపెట్టాను. సినిమా మొత్తంలో ఆమె నోరు తెరిచేది పదకొండుసార్లు. "భోజనానికి రండి", "జాగ్రత్త", "మీ నాన్నని అడగండి". అంతే. కథ తండ్రిది, అల్లరి పిల్లలది, ఆమె ఊరికే అటూ ఇటూ తిరుగుతుంటుంది. మరి నా చిన్నప్పుడు ఆ సినిమాలో అందరికంటే ఎక్కువ మాట్లాడింది ఆమే కదా. ఎప్పుడు మాట్లాడింది? వెనక్కి తిప్పి చూశాను. ఆమె పొయ్యి వైపు తిరిగినప్పుడు, బట్టలు ఆరేస్తూ దుప్పటి చాటుకు వెళ్లినప్పుడు, గది బయట ఉండి నీడ మాత్రమే కనిపించినప్పుడు. మొహం కనిపించని చోటల్లా అమ్మ ఆమెకు మాటలు ఇచ్చింది. మొహం మనవైపు తిరిగే లోపల ఆ మాట పూర్తయ్యేది, ఒక్కసారి కూడా పట్టుబడలేదు. గిన్నెల సీనులో గిన్నెల చప్పుడు, వెనక చిన్న సంగీతం, ఇంకేం లేదు. ఆ ఖాళీని ఎవరో ఆమె కోసమే వదిలిపెట్టినట్టు, మా అమ్మ అక్కడికి వెళ్లి కూర్చుంది.

తండ్రి ఎలుగు పెదాలు గట్టిగా మూసే చోటల్లా అమ్మ "అబ్బబ్బ" అనో "బాపురే" అనో పెట్టింది. నోరు బార్లా తెరిచే చోట "జరా ఆగరాదూ" అని సాగదీసింది. ఇది ఎవరు నేర్పారు ఆమెకి? ఎవరూ నేర్పలేదు. స్కూల్ నుంచి వచ్చి చెయ్యి పెడితే వీసీఆర్ వెచ్చగా ఉండేది, నాకు బాగా గుర్తుంది. పాత మెషీన్, ఊరికే వేడెక్కుతుందేమో అనేవాడు నాన్న. నానమ్మ మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు, సౌండ్ లేకుండా, ఒక్కతే కూర్చుని సాధన చేసింది మా అమ్మ. ఒక్కొక్క నోటికి ఒక్కొక్క మాట కొలిచి, కుట్టి, తొడిగింది. దాన్ని నేను గదినిండా జనంలో నిలబడి అబద్ధం అన్నాను.

అంత గొప్ప పని నా ఇంట్లో జరిగింది, నా కళ్ల ముందు, నాకు నాలుగడుగుల దూరంలో. ఇంగ్లీషు అర్థమైంది గానీ అది అర్థం కాలేదు నాకు. లేచి లోపలికి వెళ్లాను. అమ్మ అప్పుడే కళ్లు తెరిచింది. మంచం మీద కూర్చుని, "అమ్మా, ఆ రోజు అందరిలో నిన్ను అలా అన్నాను కదా, గిన్నెల సీనులో. తప్పు చేశానమ్మా" అన్నాను. ముప్పై అయిదేళ్లు ఆలస్యంగా. అమ్మ నన్ను చూసింది, ఎడమచేత్తో నా చెంప మీద వెంట్రుకలు వెనక్కి తోసింది. గుర్తుందో లేదో, క్షమించిందో, అసలు క్షమించడానికేం ఉంది అనుకుందో చెప్పడానికి ఆమె దగ్గర మాట లేదు. మాట తిరిగి రావాలని నాలుగు నెలలుగా ఆమె కోసం అనుకుంటున్నాను. అప్పుడు నా కోసం అనుకున్నాను.

దిండ్లు పెట్టి సోఫాలో కూర్చోబెట్టాను. మా ఆయన వంటింట్లో కుక్కర్ పెడుతున్నాడు. ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని చూడండి. ఆమెకి సులువుగా ఉంటుందని తెలుగు పెట్టాను. ఎలుగుబంట్లు తెలుగు మాట్లాడటం మొదలుపెట్టాయి. "ప్రియమైన పిల్లలారా, భోజనం సిద్ధంగా ఉంది, త్వరగా రండి." అమ్మ మొహం ముందు వెలిగింది, ఆ మాట వినగానే ముడుచుకుపోయింది. తండ్రి ఎలుగు "ఈ బీరువా ఇరుక్కుపోయినట్లున్నదే" అన్నాడు. అమ్మ ఎడమచెయ్యి ఎత్తి గాల్లో కొట్టింది. వినపడట్లేదేమో అని సౌండ్ పెంచాను. ఇంకా గట్టిగా కొట్టింది. టీచర్ బుర్ర కదా, నాకు ఎక్కడానికి టైం పట్టింది. మ్యూట్ నొక్కాను.

అమ్మ ముందుకు వంగింది. తండ్రి ఎలుగు నోరు తెరిచాడు, అమ్మ పెదాలు కదిలాయి, మాట రాలేదు. ఎలుగు నోరు మూసేశాడు. పెద్దపిల్ల నోరు తెరిచింది, అమ్మ గొంతులో ఏదో గరగర మంది, పెద్దపిల్ల పరిగెత్తి వెళ్లిపోయింది. సినిమా ఆగదు కదా. సీను తర్వాత సీను వెళ్లిపోతోంది, ఆమె ఒక్కదాన్నీ అందుకోలేకపోతోంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆపేద్దామనుకున్నాను. ఇది ఆమెకి మంచి చేయడానికి తెచ్చానా, ఏడిపించడానికా అని నన్ను నేను తిట్టుకున్నాను.

అంతలో గిన్నెల సీను వచ్చింది. తల్లి ఎలుగు వీపు తిప్పింది. ఆ వీపుని అలా మూగగా చూడటం నావల్ల కాలేదు. నేనే మొదలుపెట్టాను, ఆమె గొంతుతోనే, గుర్తున్నంత వరకు. "నేను ఇక్కడ ఉన్ననని ఎవరికన్న యాదికున్నదా..."

"గీడ" అంది అమ్మ.

నేను ఆగిపోయాను. వంటింట్లో చప్పుడు ఆగిపోయింది. మా ఆయన గుమ్మంలోకి వచ్చి గరిటె పట్టుకుని నిలబడ్డాడు. అమ్మ నావైపు చూడలేదు, టీవీ వైపే చూస్తోంది, తప్పు చదివిన పిల్లని చూసే టీచర్ మొహం పెట్టి. "గీడ" అంది మళ్లీ, ఈసారి కొంచెం చిరాగ్గా. నాలుగు నెలల తర్వాత మొదటి మాట. నేను "గీడ ఉన్ననని" అని దిద్దుకుని చెప్పాను. ఏడుస్తూ, నవ్వుతూ, ముక్కు చీదుకుంటూ మొత్తం చెప్పాను. ఇంకో రెండుచోట్ల తల అడ్డంగా ఊపింది, అక్కడ ఏం తప్పు చెప్పానో నాకిప్పటికీ తెలియదు.

అక్కడి నుంచి చివరి దాకా నేనే చెప్పాను, అమ్మ తలూపింది. మాట మళ్లీ రాలేదు. సరేలే, ఒకటి వచ్చింది, దవాఖానలో ఆ అమ్మాయి అన్నట్టే అలవాటైన మాటే వచ్చింది, ఇవాళ్టికి ఇది చాలు అనుకున్నాను.

ఆఖరి సీను మీకు చెప్పలేదు. వాన పడుతుంటుంది, కుటుంబమంతా ఒక్క గొడుగు కింద మనకి వీపు పెట్టి రోడ్డు మీద నడిచి వెళ్లిపోతుంటుంది. దానికి మాటలు లేవు, అమ్మ కూడా ఎప్పుడూ ఏం పెట్టలేదు. ఆ సీను వచ్చేసరికి ఆమె లేచి చాయ్ పెట్టడానికి వెళ్లిపోయేది, పిల్లలు చెప్పులు వెతుక్కునేవాళ్లు. అందుకే నేనూ ఊరుకున్నాను. రిమోట్ తీసుకుని ఆపబోతున్నాను.

అమ్మ "ఆ..." అంది. చెయ్యి ఎత్తింది. పెదాలు కదులుతున్నాయి, మెడ మీద నరం బిగుసుకుంది. తెర మీద ఎలుగుబంట్లు చిన్నవైపోతున్నాయి, ఇంకో నిమిషంలో పేర్లు వచ్చేస్తాయి. పాజ్ నొక్కాను. వాన ఆగింది, అడుగులు ఆగాయి.

"చెప్పమ్మా. ఎక్కడికీ పోరు, ఆపేశాను" అన్నాను.

కుక్కర్ ఒక విజిల్ వేసింది. తర్వాత ఇంకోటి. మా ఆయన వెళ్లి స్టవ్ కట్టేసి వచ్చి నేల మీద కూర్చున్నాడు. అమ్మ తెర వైపు చూస్తూ వెతుక్కుంటోంది. నేను ఒక్క మాట కూడా అందించలేదు, నా జీవితంలో అంతసేపు నోరు మూసుకుని ఎప్పుడూ కూర్చోలేదు.

"బిడ్డ" అంది. ఊపిరి తీసుకుంది. "బిడ్డ... తడుస్తున్నది."

తెర వైపు తిరిగి చూశాను. అందరికంటే చిన్నది గొడుగు బయటికి ఉంది, దాని సగం వీపు వానలో ఉంది. అన్నిసార్లు చూశాను, నాకెప్పుడూ కనపడలేదు. ఆ మాట పాత సినిమాలో లేదు, అమ్మ అది ఎన్నడూ అనలేదు, ఇప్పుడే చేసింది. కొత్త మాటలు రావన్నారు.

అమ్మ ఇంకా తెరనే చూస్తోంది, పెదాలు మళ్లీ కదులుతున్నాయి. నేను పాజ్ తియ్యలేదు. ఎంతసేపు పడితే అంతసేపు పట్టనీ అని, ఆ ఎలుగుబంట్లని అలాగే వానలో నిలబెట్టి పక్కన కూర్చున్నాను.